మొదటి ఓనరు వాడుకుంటాడు, మూడో ఓనరు కడతాడు

“కారు తీసుకుందామనుకుంటున్నానన్నా, ఏది మంచిది?” అని అడిగేవాళ్ల ప్రశ్నలు తిప్పితిప్పి మూడే. మైలేజీ ఎంతిస్తుంది? రీసేల్ ఉంటుందా? ట్రబుల్ ఇవ్వదు కదా? మొదటి రెండింటికీ జవాబు ఏ అపార్ట్‌మెంటు పార్కింగులో నలుగురిని అడిగినా దొరుకుతుంది. మూడోదానికి నేను చెప్పే జవాబు మాత్రం ఎవరికీ రుచించదు. కొత్త కారైతే ఏ కంపెనీదైనా మూడు నాలుగేళ్లు పెద్దగా ట్రబుల్ ఇవ్వదు, ఆ తర్వాతి సంగతి నీ చేతిలో ఉంటుంది అంటాను. సెకండ్ హ్యాండ్ అయితే ఆ సంగతి నీకంటే ముందు వాడినవాడి చేతిలో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది అంటాను. వాళ్లకు కావలసింది ఒక జపాను కంపెనీ పేరు. అది నా నోట రాదు కాబట్టి ఇంకొకరిని అడగడానికి వెళ్లిపోతారు.

అలాగని కంపెనీల మధ్య తేడాయే లేదనను. ఉంది, బాగానే ఉంది. మూడు నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగి ఇంకా తిరుపతి ట్రిప్పులు కొడుతున్న ఇన్నోవాలు ఏ ట్రావెల్స్ ఆఫీసు ముందు చూసినా కనిపిస్తాయి. కానీ ఆ బండి వెనక ఒక ఓనరున్నాడు. బండి ఒక్క రోజు ఆగితే ఆ రోజు కిరాయి పోతుందని, ఆయిల్ ఎప్పుడు మార్చాడో, బెల్టు ఎప్పుడు వేయించాడో తేదీతో సహా డైరీలో రాసుకునే మనిషి. పేరంతా బండికి వచ్చింది, ఆ డైరీ సంగతి ఎవరూ ఎత్తరు. అదే మోడల్‌ని ఇంట్లో పెట్టుకుని, ఎనభై వేల కిలోమీటర్లకే పొగ కొట్టించినవాళ్లూ ఉన్నారు.

నా వాదన ఇది. మంచి కారంటే పాడవని కారు కాదు, మన నిర్లక్ష్యాన్ని ఎక్కువ కాలం ఓర్చుకునే కారు. పది వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని కారుతో వచ్చిన పుస్తకంలో రాసినంత మాత్రాన పది వేల ఒకటో కిలోమీటరు దగ్గర ఇంజిన్ సీజ్ అయిపోదు. ఇరవై వేలు తిప్పినా చప్పుడు చేయదు. ఇంజనీర్లు ఆ వెసులుబాటు కావాలనే ఉంచుతారు. అనుకోకుండా ఆలస్యమైతే బండి తట్టుకోవాలని ఉంచిన దాన్ని మనం మన హక్కు అనుకుని వాడేసుకుంటాం. “మూడేళ్లయింది, నేనేమీ చేయించలేదు, చూడు ఎంత స్మూత్‌గా ఉందో” అని గొప్పగా చెప్పుకునేవాడు ఆ మూడేళ్లూ డబ్బు మిగుల్చుకోలేదు. బండిలో ఉన్న ఓపికను ఖర్చు పెట్టాడంతే. బిల్లు ఇంకా రాలేదు, వచ్చేనాటికి ఆ కారు అతని పేరు మీద ఉండదు.

మా మేనమామ గుంటూరులో అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. తెల్లారగానే బానెట్ ఎత్తేవాడు. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడటం, రేడియేటర్ మూత తిప్పి నీళ్లు చూడటం, ఫ్యాన్ బెల్టుని బొటనవేలితో నొక్కి చూడటం, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం, ఇవన్నీ కాఫీకి ముందే. నెలలో ఒకసారి గ్రీజు కొట్టించాలి. ప్లగ్గులు గీకాలి, పాయింట్ సెట్ చేయాలి, కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడగాలి. ఇవాళ్టి లెక్కన అంబాసిడర్ నమ్మదగ్గ బండి కానే కాదు. ఏదో ఒకటి వదులవుతూనే ఉండేది. అయినా 2014లో అది తయారయ్యే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా మనదేశంలో దానికి “ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు” అనే పేరు నిలిచింది. ఆ పేరులో సగం రోడ్డు పక్క మెకానిక్కులది, సగం పొద్దున్నే బానెట్ ఎత్తిన డ్రైవర్లది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కథ మారింది. పొద్దున లేచి తాళం తిప్పితే స్టార్టయ్యే బండి. ఆ తర్వాత కార్బురేటర్ పోయి, పెట్రోలుని కంప్యూటరు కొలిచి చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది, నీళ్లు పోయనక్కర్లేని బ్యాటరీ వచ్చింది, గ్రీజు పాయింట్లు మాయమయ్యాయి. ఇదంతా మంచికే. నాకు అంబాసిడర్ రోజుల మీద బెంగేమీ లేదు, ఆ స్టీరింగ్ తిప్పినవాడెవడికీ ఉండదు. చిక్కెక్కడ వచ్చిందంటే, చేయాల్సిన పనులు ఇరవై నుంచి ఆరేడుకు తగ్గితే మనం సున్నా అని విన్నాం. కారుని ఫ్రిజ్‌లా చూడటం అలవాటైంది. కొని, గోడకి పెట్టి, పాడైనప్పుడు మనిషిని పిలవడం. బానెట్ ఎత్తే లివర్ ఎక్కడుందో తెలియకుండా ఐదేళ్లు కారు నడిపి అమ్మేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు, అందులో మెకానికల్ ఇంజనీర్లూ ఉన్నారు.

మిగిలిన ఆ ఆరేడు పనుల్లో మొదటిది ఇంజిన్ ఆయిల్. పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది, అని చాలా పెట్రోలు కార్ల పుస్తకాల్లో ఉంటుంది. మనవాళ్లు కిలోమీటర్లు చూస్తారు, ఏడాది మాట వదిలేస్తారు. “ఆరు వేలే తిరిగింది, అప్పుడే ఎందుకు?” అంటారు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చే కారుని తీసుకోండి. ట్రాఫిక్‌లో సగటున గంటకు 15 కిలోమీటర్లు అనుకుందాం. ఆరు వేల కిలోమీటర్లంటే ఇంజిన్ 400 గంటలు తిరిగినట్టు. అదే 400 గంటలు విజయవాడ హైవే మీద గంటకు 60 చొప్పున తిరిగితే 24 వేల కిలోమీటర్లు. మీటరు చక్రాల లెక్క చెబుతుంది, ఆయిల్‌కి తెలిసింది గంటల లెక్క. ఇక రెండు కిలోమీటర్ల దూరంలోని స్కూలుకి పిల్లల్ని దింపి ఆఫ్ చేసే కారు పరిస్థితి ఇంకా అన్యాయం. ఆయిల్ పూర్తిగా వేడెక్కేలోపే ఇంజిన్ ఆగిపోతుంది. పిస్టన్ రింగుల పక్క నుంచి జారిన పెట్రోలు, తేమ అందులోనే ఉండిపోతాయి, వేడికి ఆవిరై పోయే అవకాశమే రాదు. తక్కువ తిరిగిన కారు మంచి కారని మనకున్న నమ్మకంలో ఈ సంగతి ఎక్కడా కనిపించదు.

యజమాని పుస్తకంలో వెనక ఎక్కడో “కఠిన పరిస్థితుల్లో వాడితే” అనే పట్టిక ఒకటి ఉంటుంది. దుమ్ము రోడ్లు, ఆగి ఆగి సాగే ట్రాఫిక్, చిన్న చిన్న దూరాలు, ఎక్కువ వేడి. వీటిలో ఏదున్నా ఆయిలూ ఫిల్టర్లూ ఇంకా ముందే మార్చమంటారు. ఆ పేజీ చదువుతుంటే మన ఊళ్ల గురించే రాశారా అనిపిస్తుంది. మనం వాడేదే కఠిన పరిస్థితి, కానీ సర్వీసు చేయించేది మాత్రం చల్లటి దేశంలో ఖాళీ హైవే మీద తిరిగే కారు లెక్కన.

పాత 800 ఇంజినైతే దీన్నంతా మింగేసి తిరిగేది. ఇప్పటి చిన్న టర్బో ఇంజిన్లు అంత సహించవు. ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే పంకా లాంటిది టర్బో. దాని లోపలి ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరుగుతుంది, దాన్ని మోసేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ చిక్కబడి, నల్లబడి, ఆ సన్నటి దారి పూడుకుపోతే టర్బో పోతుంది. టర్బో ధర విన్నాక ఏ ఓనరూ ఆయిల్ ధర గురించి మళ్లీ మాట్లాడడు. డీజిల్ కార్లది ఇంకో కథ. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే కాలుష్య నిబంధనల కింద వచ్చిన డీజిల్ కార్లలో చాలావాటికి పొగ మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది తనలో చేరిన మసిని తానే కాల్చుకోవాలంటే అప్పుడప్పుడు కాసేపు హైవే వేగంతో నడవాలి. సిటీలోనే తిప్పితే నిండి కూర్చుంటుంది. దానికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. “ఆయిల్ ఏదైతే ఏంటన్నా, అన్నీ ఒకటే” అని డబ్బాలో ఉన్నది పోసే షెడ్డుకి ఇలాంటి బండి ఇస్తే, ఆయిల్ మార్చి కూడా పాడు చేసుకున్నట్టే. మామూలుగా నేను రోడ్డు పక్క మెకానిక్కుల పక్షం. కానీ ఈ విషయంలో డబ్బా మీద గ్రేడు చదివే మెకానిక్కునే పట్టుకోవాలి, లేదా మనమే కొని తీసుకెళ్లాలి.

ఇంజిన్‌ని చల్లబరచడానికి రేడియేటర్లో పోసే కూలెంట్ గురించి మనవాళ్లకున్న వితండవాదం ఇంకెక్కడా ఉండదేమో. “అది మంచు పడే దేశాల్లో గడ్డకట్టకుండా పోసేది. మనకెందుకు? నీళ్లు చాలు.” ఒప్పుకుంటా, రెంటచింతలలో మంచు పడదు. ఎండాకాలం అక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. కూలెంటులో ఉండే గ్లైకాల్ సగానికి సగం నీళ్లతో కలిస్తే మరిగే ఉష్ణోగ్రత కొంత పెరుగుతుంది కానీ, అసలు లాభం అది కూడా కాదు. అందులో తుప్పుని ఆపే మందులుంటాయి. ఇంజిన్ పైభాగమైన హెడ్ అల్యూమినియం, చాలా ఇంజిన్లలో కింది భాగమైన బ్లాకు ఇనుము, మధ్యలో మనం పోసేది బోరు నీళ్లు. నల్గొండలోనో ప్రకాశంలోనో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పట్టేది ఏంటో ఇంట్లో అడగండి. అదే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పడుతుంది. మొదట టెంపరేచర్ ముల్లు కొద్దిగా పైకి జరుగుతుంది. ఏసీ వేసుకుని ఎండలో కొండెక్కిన రోజున అమాంతం లేస్తుంది. అప్పుడు హెడ్ వంగుతుంది, హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే గాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లో కలిసి పాలు పోసిన కాఫీ రంగులో బయటికొస్తాయి. ఆ రేడియేటర్లో నీళ్లు పోయడం మొదలుపెట్టిన మనిషి అప్పటికి కొత్త కారులో తిరుగుతుంటాడు.

బ్రేక్ ఆయిల్ సంగతి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే జరుగుతోంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, అది దాని స్వభావం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ అంకె 155కి పడిపోయినా ప్రమాణం ఒప్పుకుంటుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఊళ్లో తిరిగినంత కాలం ఈ తేడా తెలియదు. తిరుమల ఘాట్ దిగుతూనో, శ్రీశైలం నుంచి వస్తూనో, నిండా మనుషులతో, గేరు వేయకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డిస్కులు కాలి, ఆయిల్ మరిగి, గొట్టాల్లో ఆవిరి చేరుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. పేపర్లో మర్నాడు “బ్రేకులు ఫెయిలై” అని రెండు ముక్కల్లో రాస్తారు. రెండేళ్లకోసారి మార్చాలని చాలా పుస్తకాల్లో ఉండే ఈ ఆయిల్ మార్పిడికి అయ్యే ఖర్చు ఒక కుటుంబం హోటల్లో రెండు పూటలు భోంచేసినంత కూడా ఉండదు.

అయితే సర్వీసు సెంటర్‌కి పంపితే ఇవన్నీ చూస్తారు కదా అంటారు. చూడాలి. ఒకసారి నేను ఒక షోరూమ్ సర్వీసు కౌంటర్ ముందు నిలబడితే, టై కట్టుకున్న కుర్రాడు ట్యాబ్ మీద వేలితో జరుపుకుంటూ చదివాడు. “సార్, ఇంజిన్ డీకార్బనైజింగ్ చేయిస్తే పికప్ బాగుంటుంది సార్. ఇంటీరియర్ ఎన్‌రిచ్‌మెంట్ సార్. టెఫ్లాన్ కోటింగ్ ఆఫర్‌లో ఉంది సార్. ఏసీ డిసిన్ఫెక్టెంట్ సార్.” బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది, అది జాబితాలో ఉందా అన్నాను. వెతికాడు. లేదు. “అది కంప్లైంట్ వస్తే చేస్తాం సార్” అన్నాడు. బ్రేక్ ఆయిల్‌కి కంప్లైంట్ ఎలా వస్తుందో, వచ్చాక చెప్పడానికి ఎవరుంటారో అతను ఆలోచించలేదు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతని టార్గెట్టు కోటింగుల మీద ఉంటుంది, బ్రేక్ ఆయిల్ మీద ఉండదు. అందుకే జనం రెండు వర్గాలయ్యారు. అడిగిందల్లా చేయించి పదిహేను వేలు కట్టి “నేను బండిని బాగా చూసుకుంటా” అనుకునేవాళ్లు ఒకవైపు. ఇదంతా దోపిడీ అని తేల్చేసి అసలు వెళ్లడమే మానేసినవాళ్లు ఇంకోవైపు. ఇద్దరి కార్లలోనూ బ్రేక్ ఆయిల్ పాతదే.

ఎక్కువ చేయిస్తే ఎక్కువ మంచిదన్న నమ్మకాన్ని విమానాలవాళ్లు ఎప్పుడో వదిలేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద గస్తీ తిరిగే బ్రిటిష్ కోస్టల్ కమాండ్ విమానాల రికార్డులు తిరగేసిన వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త ఒక వింత కనిపెట్టాడు. యాభై గంటలకోసారి జరిగే తనిఖీ అయిన వెంటనే విమానాలకు రిపేర్లు పెరుగుతున్నాయి, తర్వాత మెల్లగా తగ్గుతున్నాయి. బాగున్నదాన్ని విప్పి బిగించడమే రోగమైంది. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు అమెరికా రక్షణ శాఖకి ఇచ్చిన నివేదికలో ఇంకా స్పష్టంగా తేలింది. విమాన భాగాల్లో వయసుతో పాటు పాడయ్యే అవకాశం పెరిగేవి 11 శాతమే. మిగతా 89 శాతానికి ఇన్ని గంటలకు మార్చాలన్న గడువు పెట్టి లాభం లేదు. ఇది విని “చూశావా, సర్వీసు అక్కర్లేదని విమానాలవాళ్లే చెప్పారు” అనకండి. ఏవి అరుగుతాయో తెలుసుకుని వాటిని గడువు దాటనివ్వకండి, మిగతావాటి జోలికి పోకండి అన్నది దాని సారం. కారులో అరిగేవేవో మనకు తెలుసు. ఆయిలు, కూలెంటు, బ్రేక్ ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, కొన్ని ఇంజిన్లలో టైమింగ్ బెల్టు. మిగతా కోటింగులు మీ ఇష్టం, బంధువుల పెళ్లికి వెళ్లేముందు చేయించుకోండి.

టైమింగ్ బెల్టు గురించి ఒక్క మాట. పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా లయలో నడిపేది అదే. మీ కారులో ఆ పనికి చెయినుందా, బెల్టుందా అన్నది కనుక్కోండి. బెల్టయితే పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కంటే ఒక్కటి కూడా ఎక్కువ తిప్పకండి. చాలా ఇంజిన్లలో అది తెగిన క్షణంలోనే పిస్టన్లు వాల్వుల్ని కొట్టేస్తాయి. ముందు హెచ్చరిక ఉండదు, ఇది ఒక్కటే ఓర్చుకోని భాగం.

ఈ క్రమశిక్షణ మన దగ్గర లేదని కాదు. ఆర్టీసీ డిపోలో ఉంది. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలైన సంస్థ వారసులు ఇవాళ్టికీ బస్సు కిలోమీటర్లు లెక్కపెట్టి, దాన్ని బట్టే గ్యారేజీలో ఏ పని ఎప్పుడు చేయాలో తేలుస్తారు. ఏ డ్రైవర్ని కదిపినా కేఎంపీఎల్ మాట వస్తుంది. లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందన్నది అక్కడ పరువు సమస్య. కేఎంపీఎల్ పడిపోతే టైర్లలో గాలి తక్కువుందా, బ్రేకులు పట్టేస్తున్నాయా, ఫిల్టరు మూసుకుపోయిందా అని వెతుకుతారు. దారిలో ఆగిన బస్సు ఒక లెక్కలోకి ఎక్కుతుంది, దానికి ఒకరు జవాబు చెప్పాలి. పన్నెండు లక్షలు పెట్టి కొన్న సొంత కారుకి మనం ఆ పాటి లెక్క రాయం. బండి రోజురోజుకీ చెప్పే సంగతి వినేవాడు లేక, చివరికి బ్రేక్‌డౌన్‌తో చెబుతుంది.

ఇక అసలు విషయానికొస్తా. మనదేశంలో ఏడాదికి 40 లక్షలకు పైగా కొత్త కార్లు అమ్ముడవుతున్నాయి. చేతులు మారే పాత కార్లు అంతకంటే ఎక్కువ. ఐటీ ఉద్యోగి కొత్తది కొని ఐదేళ్లు వాడి అమ్ముతాడు. అది వరంగల్లో ఒక టీచర్ దగ్గరికి, అక్కడి నుంచి భూపాలపల్లిలో ఒక కుర్రాడి దగ్గరికి వెళ్తుంది. అతను అప్పు చేసి కొని, టాక్సీగా రాయించకుండా సొంత బోర్డు మీదే దొంగచాటుగా కిరాయిలు కొడతాడు. కారు వయసు పెరిగేకొద్దీ ఓనరు ఆదాయం తగ్గుతుంది, రిపేరు ఖర్చు పెరుగుతుంది. మొదటివాడు మార్చని ఆయిలు, పోయని కూలెంటు మూడోవాడి ఇంటికి బిల్లుగా వెళ్తాయి. ఎవరైనా కార్ల మెయింటెనెన్స్ అంటే “నా బండి నా ఇష్టం” అన్నప్పుడు నాకు ఒళ్లు మండేది ఇందుకే. బండి ఐదేళ్లే నీది. ఇంకో పదేళ్లు ఇంకెవరిదో.

ఎదురు వాదన నాకూ తెలుసు, అందులో నిజమూ ఉంది. “నేను ఐదేళ్లూ పద్ధతిగా చేయించినా అమ్మేటప్పుడు నాకేం ఎక్కువిస్తున్నారు? పక్కవాడు పాలిష్ కొట్టించి, సీటు కవర్లు మార్చి అదే రేటుకి అమ్మాడు.” అవును. పాత కార్ల సంతలో ఇంజిన్ లోపలి నల్లటి జిగురు కనిపించదు, బయటి పాలిష్ కనిపిస్తుంది. కొనేవాడికి మంచీ చెడూ తేడా తెలియదు కాబట్టి అన్నిటికీ మధ్యస్థం రేటే ఇస్తాడు, ఆ రేటుకి మంచి కారున్నవాడు అమ్మడు, చివరికి సంతలో చెడ్డవే మిగులుతాయని జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే పాత కార్లనే ఉదాహరణగా తీసుకుని చెప్పాడు. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన బ్రోకర్‌కి అది పుట్టుకతో తెలుసు. “డాక్టర్ గారి బండి సార్, సింగిల్ ఓనర్, ముప్ఫై రెండు వేలే తిరిగింది.” ఈ రాష్ట్రాల్లో డాక్టర్లు అమ్మిన కార్లన్నీ లెక్కేస్తే ఒక్కో డాక్టరుకీ ఓ పాతికైనా ఉండాలి. మీటరు వెనక్కి తిప్పడానికి లాప్‌టాపు, ఓ కేబులు చాలు.

ఇక్కడే ప్రభుత్వం చేయగల పని ఒకటుంది. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ పదిహేనేళ్లలో ఫిట్‌నెస్ తనిఖీకి రమ్మనేవాడు లేడు. టాక్సీకి ఉంది, లారీకి ఉంది, ఇంటి కారుకి లేదు. ఇంగ్లండులో మూడేళ్లు నిండిన కారుకి ఏటా ఎంఓటీ పరీక్ష తప్పదు. అక్కడున్న మన పిల్లల్ని అడిగి చూడండి, ఆ తేదీ దగ్గర పడితే ఎంత కంగారు పడతారో. జపానులో మొదటిసారి మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి. బ్రిటిష్ పద్ధతిలో నాకు నచ్చింది పరీక్ష ఒక్కటే కాదు. బండి నంబరు కొడితే ప్రతి పరీక్ష నాటికీ ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ లోపాలు రాశారు అన్నవి ఎవరికైనా ఉచితంగా కనిపిస్తాయి. ముప్ఫై రెండు వేల కథ అక్కడ సాగదు. మనం ఎలాగూ పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఏడాదికోసారైనా ఆగుతాం. అక్కడ మీటరు ఫొటో తీసి, కొనేవాడెవడైనా చూసుకునేలా పెడితే బ్రోకర్ల నోటికి సగం తాళం పడుతుంది. తనిఖీ పేరుతో లంచాలు పెరుగుతాయంటారా? పెరగొచ్చు. అందుకే నేను ముందు తనిఖీ అడగడం లేదు, ఒక అంకె నమోదు చేయమంటున్నాను.

నీటిలో మునిగిన కార్ల సంగతి ఇందులో మరీ ఘోరమైన భాగం. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు ఎలా మునిగాయో చూశాం. నీళ్లు తీశాక చాలామంది చేసే మొదటి పని తాళం తిప్పడం. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తిప్పకుండా ట్రక్కెక్కించి ఉంటే బాగయ్యే ఇంజిన్ ఆ ఒక్క తిప్పుడుతో పోతుంది. పైగా మామూలు పాలసీలో అలా పోయిన ఇంజిన్‌కి డబ్బు రావడం కష్టం, దానికి విడిగా ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండాలి. ఇన్సూరెన్సు కంపెనీ పూర్తిగా పోయిందని తేల్చిన బండి వేలంలో అమ్ముడవుతుంది, అక్కడి నుంచి కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి ఇంకో జిల్లాలో “డాక్టర్ గారి బండి” కావడానికి పెద్ద అడ్డంకులేమీ లేవు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దొరుకుతుంది. దాన్ని ఎవరూ అంత లోపలిదాకా ఉతకరు.

ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కూడా తోడైంది. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లలో గొట్టాలు, రబ్బర్లు దాన్ని తట్టుకునేలా చేశారు. పాతవాటిలో మైలేజీ కొంత తగ్గుతుందనీ, కొన్నిట్లో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావొచ్చనీ ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ మార్పిడి ఖర్చూ ఎవరిదో చెప్పక్కర్లేదు, పాత కారున్నవాడిదే. ఎలక్ట్రిక్ కారు కొంటే ఈ గొడవలేవీ ఉండవనేవాళ్లకి ఒకటే జవాబు. ఇంజిన్ ఆయిల్ ఉండదు, నిజమే. బ్రేక్ ఆయిల్ ఉంటుంది, చాలావాటిలో బ్యాటరీకి కూలెంట్ ఉంటుంది, బరువు వల్ల టైర్లు ఇంకా త్వరగా అరుగుతాయి.

ప్రభుత్వం ఆ అంకె నమోదు చేసేదాకా కొనేవాడు చేయగలిగింది ఒకటుంది. పాత కారు బేరం చేసేటప్పుడు పాలిష్ వంక చూడటం మానేసి బిల్లులు అడగండి. షోరూమువైనా సరే, షెడ్డు చిత్తుకాగితాలైనా సరే. టైరు అంచున నాలుగంకెల తేదీ ఉంటుంది, 3219 అంటే 2019లో ముప్ఫై రెండో వారం. నాలుగు టైర్లూ కారు వయసువే అయి, అరుగుదల మాత్రం కొత్తగా మార్చినంత తక్కువుంటే, ఆ కారు నిజంగానే తక్కువ తిరిగింది. టైర్లు కొత్తవై, మీటరు ముప్ఫై వేలే చూపిస్తే, ముప్ఫై వేలకే టైర్లెందుకు మార్చాల్సి వచ్చిందో అడగండి. కూలెంట్ డబ్బాలోకి తొంగి చూడండి. ఆకుపచ్చో గులాబీయో ఉండాలి, తుప్పు రంగుంటే వదిలేయండి. ఎంత మంచి కారైనా కొన్న వారంలోనే ఆయిలు, కూలెంటు, బ్రేక్ ఆయిలు, ఫిల్టర్లు అన్నీ మార్పించాలి, అమ్మినవాడు నిన్ననే మార్చానన్నా సరే. ఆ ఖర్చు ముందే కనుక్కుని బేరంలోనే తగ్గించమనండి. చాలామంది గొణుక్కుంటూ తగ్గిస్తారు. తగ్గించనివాడు, అవన్నీ మొన్ననే చేయించానని వాదనకు దిగి బిల్లులు తెచ్చి బల్ల మీద పడేస్తాడు. అలాంటివాడు దొరికితే ఇంకో రూపాయి ఎక్కువిచ్చి అయినా ఆ బండే తీసుకోండి.